రంగం నుంచి తాత నడిచొచ్చిన దారి: ఇప్పుడు ఎక్కడిదాకా వెళ్ళగలం?

మనవడు_గాజువాక
అందరికీ నమస్కారం. మా తాత 1942లో, జపాన్ వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు, రంగం (బర్మాలోని రంగూన్) నుంచి కాలినడకన వచ్చిన మనిషి. రైసు మిల్లులో పని. మామ్మ చెప్పగా అమ్మకి గుర్తున్నవి ఇవీ:
సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకి బయల్దేరారు. ముందు రైలు. తర్వాత పడవ, అదీ నదికి ఎదురుగా మూడు నాలుగు రోజులు. తర్వాత కొండల్లో ఆరు రోజులు నడక. దారంతా మోకాలిదాకా దుమ్ము, తాగడానికి నీళ్ళు లేవు. కొండ దిగాక లారీ. మళ్ళీ రైలు. ఆ రైలు ఒకచోట దిగి, నది దాటి, ఇంకో రైలెక్కారు. వాల్తేరులో దిగేసరికి ఊళ్ళో మనుషుల్లేరు, ఇళ్ళకి తాళాలు.
అస్సాం చివరనున్న లెడో మీదుగా వచ్చారని మా ఇంట్లో అందరి నమ్మకం. అందుకని లెడో, జైరాంపూర్, నాంపాంగ్, పాంగ్‌సౌ కనుమ అని జనవరికి ప్లాను వేశాను. అమ్మ కూడా వస్తుంది (67 ఏళ్ళు, బీపీ, మోకాళ్ళ నొప్పి). ప్లాను సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పండి.

కొరంగి
టికెట్లు తీసేశారా? తియ్యకపోతే ఆగండి. మీరు రాసినదాంట్లో లెడోకి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

లెడో దారి ఎవరిదంటే, ఆఖరున మించినా (పటాల్లో మిచ్‌కినా అని ఉంటుంది) దాకా పారిపోయి అక్కడ ఇరుక్కున్నవాళ్ళది. మించినా 1942 మే 8న జపాన్ చేతికి పోయింది. అక్కణ్ణుంచి హుకాంగ్ లోయలో షింగ్‌బ్వియాంగ్ మీదుగా పాంగ్‌సౌ కనుమ ఎక్కి లెడో దిగారు. మే నడిమికే వాన పట్టుకుంది. ఆ దారిన వచ్చినవాళ్ళ నోట ముందుగా వచ్చే మాటలు బురద, జలగలు, పొంగిన వాగులు, విమానం నుంచి పడ్డ బియ్యం మూటలు. చివర్లో టీ తోటలు, బొగ్గు గనులు. మీ మామ్మ దుమ్ము అంది, నీళ్ళు లేవంది. దుమ్మంటే ఎండాకాలం. వానకి ముందే కొండ దాటేశారన్నమాట.

అందరికీ లెడో ఎందుకు తోస్తుందంటే స్టిల్‌వెల్ రోడ్డు (యుద్ధంలో లెడో నుంచి బర్మాలోకి వేసిన రోడ్డు) పేరు వల్ల. వీడియోలన్నీ దాని మీదే. ఆ రోడ్డు పని మొదలైందే 1942 డిసెంబరులో, నడిచినవాళ్ళు నడిచి వచ్చేశాక.

మిగిలినవి రెండు దారులు. ఒకటి అరకాను దారి: ప్రోము (మనవాళ్ళ నోట పెరోం) దాకా రైలు, ఐరావతి దాటి, కొండల మీదుగా తౌంగప్ రేవు, అక్కడ పడవెక్కి అక్యాబు, ఆపైన చిట్టగాంగ్. రెండోది మణిపూర్ దారి: మాండలే, మోనీవా, అక్కణ్ణుంచి చిందువిన్ నది మీద పడవలో కలేవా, కబా లోయ గుండా టామూ, కొండెక్కి దిగితే పాలేల్, ఇంఫాల్, కోహిమా, చివరకి దిమాపూర్. మీది రెండోది అనుకుంటున్నా.

భీమిలి_రేవు
నేను అంత తొందరగా ఒప్పుకోనండి. దుమ్ము, నీటి కరువు అంటే నాకు ముందు తోచేది తౌంగప్ దారే. ఆ కొండల్లో నీళ్ళు దొరక్క, దొరికిన మడుగులో అందరూ దిగి, కలరా పుట్టి చచ్చిపోయినవాళ్ళకి లెక్క లేదు. రంగంలో మిల్లు కూలీలు, రేవు కూలీలు మొదట పట్టింది కూడా ఆ దారే. 1941 డిసెంబరు 23న, మళ్ళీ క్రిస్మస్ నాడు బాంబులు పడగానే జనం ప్రోము రోడ్డు మీదే పడ్డారు.

ముసలాళ్ళ జ్ఞాపకంలో పడవ ముందా, నడక ముందా అన్నది తారుమారవడం మామూలు. తౌంగప్ నుంచి అక్యాబు దాకా కూడా పడవే కదా.

కొరంగి
తారుమారు కావచ్చు, ఒప్పుకుంటాను. కానీ నదికి ఎదురుగా అన్న మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? తౌంగప్, అక్యాబు మధ్య సముద్రపు పాయలు, ఉప్పునీళ్ళు. ఎదురెక్కడానికి అక్కడ నది లేదు. మోనీవా నుంచి కలేవా వెళ్ళే స్టీమరు మాత్రం చిందువిన్ ఎదురెక్కి తీరాలి.

వాల్తేరు_జంక్షన్
నది దాటిన ముక్క రైలు సంగతి కాబట్టి దాని మీద రాస్తాను. రెండు దారుల్లోనూ రైలుకీ రైలుకీ మధ్య ఒక నది ఉంది. అక్కడే చాలామంది పొరబడతారు.

చిట్టగాంగ్ నుంచి వచ్చేవాళ్ళు చాంద్‌పూర్ దాకా రైల్లో వచ్చి, అక్కడ పెద్ద స్టీమరెక్కి, పద్మా నది మీద గోవలందో దాకా వెళ్ళాలి. అది గంటల తరబడి సాగే ప్రయాణం. స్టీమరు మీదే వండుకుని తిన్నవాళ్ళున్నారు. అలా వచ్చినవాళ్ళెవరూ 'నది దాటాం' అనరు, 'స్టీమర్లో వచ్చాం' అంటారు.

దిమాపూర్ నుంచి వచ్చేవాళ్ళది ఇంకో తీరు. అప్పటికి అస్సాంలో బ్రహ్మపుత్ర మీద వంతెన లేదు. సరాయిఘాట్ వంతెన వచ్చింది 1962లో. మీటరు గేజి బండి గువాహటి పక్కన పాండూ దగ్గర ఆగిపోతుంది. మూటాముల్లె దించుకుని రేవు పడవలో అవతలి అమీన్‌గాం ఒడ్డుకి పోయి ఇంకో బండెక్కాలి. పార్వతీపూర్‌లో బ్రాడ్‌గేజికి మారి (అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది) కలకత్తాలో సియాల్దా. అక్కణ్ణుంచి ఊరికి అడ్డంగా నడిచి హౌరా. హౌరా కొత్త వంతెన 1943 ఫిబ్రవరిలో గాని తెరవలేదు, కాబట్టి నీటి మీద తేలే పాత వంతెనే దాటుంటారు. ఆ తర్వాత బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగపూర్ రైల్వే) బండిలో వాల్తేరు.

'దిగి, నది దాటి, ఇంకో రైలెక్కాం' అని ఒక్క ముక్కలో చెప్పగలిగేది పాండూయే.

ఇంకోటి. ఊళ్ళో మనుషుల్లేరు అన్నారు. విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డది 1942 ఏప్రిల్ 6న. ఆ వెంటనే ఊరు ఊరంతా చుట్టుపక్కల పల్లెలకి పోయింది. మీ తాత వాల్తేరులో దిగింది ఆ తర్వాతి రోజుల్లోనే. తేదీ ఇంత కచ్చితంగా దొరకడం అదృష్టమే.

పాతపటాలు
దారి లెక్క కూడా చూద్దాం. ప్రోముకి ఎదురొడ్డున ఉన్న పడాంగ్ నుంచి తౌంగప్ సుమారు 110 మైళ్ళు. పిల్లల్నీ మూటల్నీ ఎత్తుకుని, నీళ్ళు లేని దారిలో రోజుకి 10, 12 మైళ్ళకి మించి పడదు. అంటే తక్కువలో తక్కువ తొమ్మిది, పది రోజులు. ఆరు రోజుల్లో ఆ కొండలు దాటడం కుర్రాడికైనా కష్టం.

టామూ, పాలేల్ మధ్య ఇప్పటి రోడ్డు లెక్కన 64 కిలోమీటర్లు, అంటే 40 మైళ్ళు. ఆరు రోజులకి రోజుకి 6, 7 మైళ్ళు. మైదానంలో ఇది తక్కువే. అక్కడ మాత్రం సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే టామూ 1,000 అడుగుల లోపు, తెంగ్నౌపాల్ దగ్గర దారి సుమారు 5,000 అడుగులు. మధ్యలో లోక్‌చావ్ నది దగ్గరకి ఒకసారి దిగి మళ్ళీ ఎక్కాలి. ఎస్.కోట దగ్గర ఘాట్ మొదలైన చోటు నుంచి గాలికొండ దాటి ఇంకా పైకి ఎక్కినంత, అదీ నెత్తిన మూటతో. కొండ దిగింది పాలేల్‌లో, లారీ దొరికింది అక్కడే. ఇంటి మాటకి, పటానికి ఇంతకన్నా బాగా కుదరదు.

భీమిలి_రేవు
సరే, లారీ దగ్గర ఒప్పుకుంటున్నా. తౌంగప్ దిగితే లారీ ఉండదు, రేవే.

మనవడు_గాజువాక
అందరికీ ధన్యవాదాలు. మీరు రాసినవి చదివి అమ్మ పాత ట్రంకు పెట్టె తీయించింది. అడుగున పరిచిన కాగితాల మధ్య ఒక చీటీ ఉంది. అరచేతిలో సగం ఉంటుంది, మట్టిరంగు అట్ట, ఒక మూల చెద తినేసింది. అచ్చులో గడులు, చేత్తో రాసింది '2' ఒక్కటే తెలుస్తోంది. ఊదా సిరాతో గుండ్రటి ముద్ర. అందులో పైన ఇంగ్లీషులో 'పూర్ రోడ్' అన్నంతవరకే కనిపిస్తోంది, కింద '42'. దీనివల్ల ఏమైనా తెలుస్తుందా?

వాల్తేరు_జంక్షన్
తెలుస్తుందా ఏమిటండీ, తేలిపోయింది! దిమాపూర్ స్టేషనుకి అప్పటి పేరు మణిపూర్ రోడ్డు. కాందిశీకులకి అక్కడ ఉచిత రైలు టికెట్లిచ్చి పంపారు. ఆ చీటీని లామినేషన్ మాత్రం చేయించకండి. వేడికి ఊదా సిరా పాకుతుంది, ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు. ఆమ్లం లేని కాగితం మడతలో పెట్టి, ఎండ తగలనిచోట ఉంచండి. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన వాలు వెలుతురులో తియ్యండి. అలా తీస్తే చెరిగిన ముద్ర గీతలు కూడా తేలతాయి. నెగటివ్ చేసి చూస్తే తేదీ కూడా దొరకొచ్చు.

ఘాట్‌రోడ్
దారి తేలింది కాబట్టి ఇక ప్రయాణం మాట. ముందే చెప్తున్నా, మీ తాత నడిచిన 64 కిలోమీటర్లూ ఇప్పుడు నడవాలని మాత్రం పెట్టుకోకండి.

టామూకి అవతల కబా లోయ, కలేవా, చిందువిన్ అన్నీ మయన్మార్. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక అటు పోరు నడుస్తోంది. అటు ఆలోచనే వద్దు.

ఇవతల పాలేల్ నుంచి మోరే దాకా జాతీయ రహదారి 102. మోరేకి ఆనుకుని అవతల ఉన్నదే టామూ. మణిపూర్‌లో 2023 మేలో మొదలైన గొడవల వల్ల లోయకీ కొండ జిల్లాలకీ మధ్య రాకపోకలు మునుపటిలా లేవు. ఇంఫాల్లో బండి మాట్లాడుకుంటే ఆ డ్రైవరు పాలేల్ దాటి కొండెక్కడానికి ఒప్పుకోకపోవచ్చు. అది బేరం కోసం అనేది కాదు, అతని ప్రాణభయం. ఎక్కువ డబ్బు ఆశ చూపించి ఒప్పించొద్దు. కోహిమా, ఇంఫాల్ మధ్య రోడ్డు కూడా కాంగ్‌పోక్‌పీ జిల్లా గుండానే పోతుంది. బంద్ పిలుపు వస్తే ఆ రోడ్డు ఉన్నట్టుండి మూతపడుతుంది.

అందుకని ప్లానుని రెండుగా కోసుకోండి. మొదటిది దిమాపూర్, కోహిమా, మావ్ (నాగాలాండ్ దాటగానే మణిపూర్ సరిహద్దు గేటు). ఇది ఖాయంగా జరిగే భాగం. రెండోది ఇంఫాల్, పాలేల్. దీన్ని బయల్దేరే వారం రోజుల ముందు, మళ్ళీ కోహిమాలో ఉండగా, పరిస్థితి కనుక్కున్నాకే ఖాయం చేసుకోండి. పాలేల్ దగ్గర లోయ ముగిసి కొండ మొదలవుతుంది. మీ తాత కొండ దిగి లారీ చూసింది అక్కడే. అమ్మగారికి చూపించాల్సిన చోటు నన్నడిగితే అదే. పైన తెంగ్నౌపాల్ దాకా వెళ్ళే వీలుంటే సరే, లేకపోతే లోటేమీ లేదు.

దూరాలు: దిమాపూర్ నుంచి కోహిమా 74 కిలోమీటర్లు, కోహిమా నుంచి ఇంఫాల్ ఇంచుమించు 140, ఇంఫాల్ నుంచి పాలేల్ 46. అంకెలు చూసి మోసపోకండి. దిమాపూర్ నుంచి ఎక్కేటప్పుడు పాగలా పహాడ్ అనే చోట కొండచరియలు తరచూ విరిగిపడతాయి. వానాకాలంలో ఆ 74 కిలోమీటర్లకే పూట గడిచిపోతుంది. రోజుకి ఒక్క మజిలీ చాలు.

కొరంగి
పై పోస్టుకి ఒక సవరణ. లారీ అందరికీ దొరికిందనుకోవద్దు. తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఒక దారి అని పెట్టారన్న ఫిర్యాదు అప్పట్లో ఇక్కడి పేపర్లలోనూ, కాంగ్రెస్ నాయకుల నోటా గట్టిగానే వినిపించింది. ఇంఫాల్ మీద మే 10న, మళ్ళీ 16న బాంబులు పడ్డాయి. మీ తాత ఏప్రిల్లోనే దాటిపోయారు కాబట్టి ఆ గందరగోళం ఆయనకి తగల్లేదు. నెల రోజులు వెనకబడి ఉంటే కథ వేరే.

మనవడు_గాజువాక
జనవరి ప్లాను మార్చేస్తున్నా. ఆయన వచ్చిన నెలలోనే, అంటే మార్చి ఆఖరు లేదా ఏప్రిల్ మొదట్లో వెళ్తే ఎలా ఉంటుంది? పర్మిట్ల సంగతి కూడా చెప్పండి.

ఘాట్‌రోడ్
మార్చి మంచిదే. దారి పొడిగా ఉంటుంది, ఆయన తిన్న దుమ్ము మీరూ కాస్త తింటారు. ఏప్రిల్ వచ్చేసరికి సాయంత్రాలు ఉరుములూ వడగళ్ళూ మొదలవుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అసలు వద్దు.

ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవాళ్ళు లోపలికి రావడానికి అనుమతి) రెండు రాష్ట్రాలకీ విడివిడిగా కావాలి. నాగాలాండ్‌ది ఒకటి (2019 డిసెంబరు నుంచి దిమాపూర్‌కి కూడా పెట్టారు), మణిపూర్‌ది ఒకటి (2020 జనవరి నుంచి). రెండింటికీ ఆన్‌లైన్ పోర్టళ్ళున్నాయి. మీకూ, అమ్మగారికీ ఇద్దరికీ కావాలి. ఆధార్, పాస్‌పోర్టు సైజు ఫోటో, దిగే చోటు చిరునామా సిద్ధంగా పెట్టుకోండి. ఎక్కువగా తిప్పికొట్టేది రెండు కారణాలకి: ఆధార్లో ఇంటిపేరు ఒకలా, దరఖాస్తులో ఇంకోలా ఉండడం, ఫోటో ఫైలు సైజు మించిపోవడం. మన ఇంటిపేర్లు పొట్టి అక్షరాల్లో ఉంటాయి, అక్కడి గుమస్తా దాన్నే అసలు పేరనుకుంటాడు. ఆధార్లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. అచ్చు తీసిన కాపీలు మనిషికి నాలుగు ఉంచుకోండి. మావ్ గేటు దగ్గర ఫోన్లో చూపిస్తానంటే కుదరకపోవచ్చు.

లెడో వైపు ఎవరైనా వెళ్ళేట్టయితే అరుణాచల్ పర్మిట్ వేరు. నాంపాంగ్ దాటి కనుమ దాకా పోనివ్వడం ఆ రోజు అస్సాం రైఫిల్స్ వాళ్ళ మాట మీదే. కనుమ లెడో నుంచి 38వ మైలు, ఎత్తు 3,727 అడుగులు. అక్కడికి బండి వెళ్తుంది, నడక కాదు.

వాల్తేరు_జంక్షన్
రైలైతే దిబ్రూగఢ్, కన్యాకుమారి మధ్య తిరిగే వివేక్ ఎక్స్‌ప్రెస్ విశాఖలోనూ, దిమాపూర్లోనూ ఆగుతుంది. మధ్యలో ఎక్కడా మారక్కర్లేదు. తాతగారు నాలుగైదు బండ్లు మారి వచ్చిన దారికి ఇప్పుడు ఒకటే బండి. రోజున్నర పైనే పడుతుంది. ఆలస్యాలు దానికి కొత్తేమీ కావు, కాబట్టి దిమాపూర్లో దిగిన రోజు ముందుకి ఏమీ పెట్టుకోకండి. అమ్మగారికి కింది బెర్తు కోటా వర్తిస్తుంది, బుక్ చేసేటప్పుడు ఆ గడి మర్చిపోకండి.

వచ్చేటప్పుడైనా, వెళ్ళేటప్పుడైనా గువాహటిలో ఒక పూట దిగగలిగితే సరాయిఘాట్ వంతెన చూడండి. దక్షిణం ఒడ్డు పాండూ, ఉత్తరం ఒడ్డు అమీన్‌గాం. ఆయన మూటలు దించుకుని పడవెక్కిన చోటు ఆ వంతెన కిందే అనుకోండి. దీనికి పర్మిట్ అక్కర్లేదు, కొండ ఎక్కక్కర్లేదు. మోకాళ్ళ నొప్పికి ఇంతకన్నా మంచి మజిలీ ఇంకోటి లేదు.

పాతపటాలు
పటాలు ఇలా తయారు చేసుకోండి. అమెరికా సైన్యం వేసిన 1:2,50,000 పటాలు (భారత్‌కి యు502, బర్మాకి యు542 వరుస) టెక్సాస్ విశ్వవిద్యాలయం పెర్రీ-కాస్టనేడా పటాల సేకరణలో ఉచితంగా దొరుకుతాయి. ఇంఫాల్, టామూ పడే షీట్లు దించుకోండి. క్యూజీఐఎస్ (కంప్యూటర్లో పటాల సాఫ్ట్‌వేర్)లో జియోరిఫరెన్సర్ (పాత పటాన్ని అసలు చోటుకి అతికించే పనిముట్టు) తెరిచి, షీటు నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు ఎక్కించండి. సరిచూడ్డానికి ఇంకో నాలుగైదు బిందువులు కావాలి. వాటిని నదులు కలిసే చోట, కొండ శిఖరాల దగ్గర పెట్టండి, ఊళ్ళ మీద వద్దు. యుద్ధంలో కాలిపోయి పక్కకి జరిగిన ఊళ్ళున్నాయి, పేరు అదే, చోటు వేరు.

అందరూ దెబ్బతినేది ఇక్కడ: పాత పటాలు ఎవరెస్ట్ దీర్ఘవృత్తజం (భూమి ఆకారానికి పాత లెక్క) మీద వేసినవి, ఫోన్ జీపీఎస్ డబ్ల్యూజీఎస్84 (కొత్త లెక్క) మీద నడుస్తుంది. ఆ మార్పు చెయ్యకుండా పటాన్ని ఫోన్లోకి ఎక్కిస్తే మీరు నిలబడ్డ చోటు కొన్ని వందల మీటర్లు పక్కకి చూపిస్తుంది. రోడ్డు మీద నిలబడి ఉంటే వాగులో ఉన్నట్టు కనిపిస్తుంది. అయ్యాక ఓస్మాండ్ (ఫోన్లో పటాల యాప్) చదివే ఎస్‌క్యూలైట్‌డీబీ ఫైలుగా మార్చుకుని అందులో పెట్టుకోండి, సిగ్నల్ అక్కర్లేదు. ఎత్తులు అడుగుల్లో ఉంటాయి, మీటర్లనుకుంటే మతి పోతుంది.

పేర్ల మీద గట్టిగా నిలబడకండి. మన తెలుగువాళ్ళ నోట ఒకటి, ఇంగ్లీషు షీటు మీద ఒకటి, ఇప్పటి బోర్డు మీద ఇంకోటి. అమ్మగారు పలికినట్టే తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని, పటంలో ఆ శబ్దానికి దగ్గరగా ఉన్నది వెతకడమే మేలు.

మందులచీటీ
67 ఏళ్ళు, బీపీ అన్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు. కోహిమా ఎత్తు 1,440 మీటర్లు, ఎత్తు జబ్బు వచ్చే స్థాయి కాదు. ఇబ్బంది అంతా మలుపుల వల్ల వచ్చే వాంతులతోనే. వాంతి మాత్ర బండెక్కిన తర్వాత కాదు, అరగంట ముందు వెయ్యాలి, ముందు సీటు ఇవ్వాలి. బీపీ మాత్రలు రెండు సంచుల్లో రెండు సెట్లు పెట్టుకోండి. సంచి పోయినా మాత్రలు పోకూడదు.

మలేరియా సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఆ కొండపాదాలు పాత మలేరియా సీమ. 1942లో నడిచినవాళ్ళలో తుపాకీ దెబ్బకన్నా మలేరియా, కలరా, విరేచనాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి. నివారణకి సాధారణంగా ఇచ్చేది డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకొకటి, వెళ్ళే రోజుకి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక 4 వారాల వరకు. చాలామంది ఇల్లు చేరగానే మానేస్తారు, దెబ్బ తినేది అందుకే: కాలేయంలో దాక్కున్న క్రిమి ఆ తర్వాతే బయటకొస్తుంది. భోజనం చేశాక నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని, అరగంట పడుకోకూడదు, లేకపోతే గొంతులో పుండు పడుతుంది. ఎండకి చర్మం కమిలే గుణం ఉంది. అమ్మగారు వాడే మిగతా మందులు చూపించి మీ డాక్టరు రాస్తేనే మొదలుపెట్టండి.

స్క్రబ్ టైఫస్ (పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) కూడా ఆ ప్రాంతంలో ఉంది. పొదల్లో, గడ్డిలో కూర్చోవద్దు. తిరిగొచ్చిన నెలలోపు జ్వరం వస్తే 'వైరలే' అని సరిపెట్టుకోకుండా, మణిపూర్ వెళ్ళొచ్చామని చెప్పి రక్తపరీక్ష చేయించండి. చంక, నడుం, గజ్జల్లో సిగరెట్ కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూసుకోండి.

భీమిలి_రేవు
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. జాతీయ అభిలేఖాగారం వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్లో 1942 నాటి ఇండియన్స్ ఓవర్‌సీస్ శాఖ ఫైళ్ళు వెతకొచ్చు. బర్మా కాందిశీకులు అన్న మాటకి ఇంగ్లీషులో ఉన్న రూపాలన్నీ కొట్టి చూడండి, విశాఖకి పాత ఇంగ్లీషు స్పెల్లింగూ కొట్టండి. అయితే మిల్లు కూలీల పేర్లు ఒక్కొక్కటిగా దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. దొరల పేర్లు వరసగా ఉంటాయి, మనవాళ్ళు అంకెల్లో ఉంటారు. మిల్లు పేరు, పంపిన మేస్త్రీ పేరు తెలిస్తే దారి కాస్త దగ్గరవుతుంది. మన తీరం నుంచి కూలీల్లో ఎక్కువమంది మేస్త్రీల కింద వెళ్ళినవాళ్ళే. తాతగారు ఏ రేవులో ఎక్కారు? విశాఖా, భీమిలా, కళింగపట్నమా? అది తెలిస్తే మేస్త్రీ ఊరు తెలుస్తుంది.

మనవడు_గాజువాక
కళింగపట్నం అని అమ్మ అంటోంది. కంచరపాలెం బర్మా క్యాంపులో పెద్దవాళ్ళని అడిగితే ఏమైనా తెలుస్తుందా?

కొరంగి
అడగండి, కానీ అడిగే పద్ధతి ఉంది. బర్మా క్యాంపు వచ్చింది 1960లలో. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక ఓడల్లో వచ్చినవాళ్ళది. 'బర్మా నుంచి ఎలా వచ్చారు?' అంటే ఓడ కథే చెప్తారు, మీరు దాన్ని 42కి అతికించుకుంటారు. కానీ అందులో కొందరి పెద్దలు 42లో నడిచొచ్చి, యుద్ధం అయ్యాక మళ్ళీ రంగం పోయి, రెండోసారి ఓడలో వచ్చినవాళ్ళు. కాబట్టి 'మీ ఇంట్లో ఎవరైనా రెండుసార్లు వచ్చారా?' అని అడగండి. ఔనంటే అప్పుడు కూర్చోండి. 'కొండ దిగాక ఏమెక్కారు?' అన్నది రెండో ప్రశ్న. లారీ అంటే మీ దారి, పడవ అంటే భీమిలి_రేవు గారి దారి.

యుద్ధ సమాధుల్లో వెతకడం మాత్రం వద్దు. కోహిమాలో, ఇంఫాల్లో ఉన్నవి సైనికులవి. నడుస్తూ పడిపోయినవాళ్ళకి అక్కడ రాయి లేదు.

మనవడు_గాజువాక
సవరించిన ప్లాను: మార్చి మూడో వారం. విశాఖ నుంచి దిమాపూర్ రైలు. ఒక రాత్రి దిమాపూర్, శనివారం కోహిమా చేరిక, ఆదివారం కోహిమా చూసి, సోమవారం ఇంఫాల్ (రోడ్డు బాగుంటేనే), మంగళవారం పాలేల్ వెళ్ళి రావడం, తర్వాత విమానంలో గువాహటి, పాండూ, అమీన్‌గాం, ఇల్లు. అమ్మ ఇప్పటినుంచే ఆంధ్ర యూనివర్సిటీ గ్రౌండులో రోజూ రెండు కిలోమీటర్లు నడుస్తోంది.

ఘాట్‌రోడ్
చదును నేల మీద నడక చాలదు. వారానికి రెండుసార్లు సింహాచలం మెట్లు ఓ వంద ఎక్కించి, నెమ్మదిగా దింపండి. మోకాళ్ళకి పరీక్ష దిగడంలోనే.

ఆదివారం కోహిమా అంటున్నారు. నాగాలాండ్‌లో ఆదివారం అన్నీ మూతే. హోటళ్ళు, షాపులు, షేరింగ్ సుమోలు, అన్నీ. టిఫిన్ కూడా దొరక్క అటుకులు తింటారు. మూడు రోజులు ఆలస్యంగా బయల్దేరండి, ఆదివారం రైల్లో గడిచిపోయేలా. ఏటీఎంల మీద ఆశ వద్దు, చిన్న నోట్లు తీసుకెళ్ళండి. మార్చిలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది కాబట్టి పాలేల్‌కి పొద్దున్నే ఆరింటికి బయల్దేరి, మధ్యాహ్నం మూడింటికల్లా ఇంఫాల్లో ఉండాలి.

పాతపటాలు
ఒకవేళ పాలేల్ దాటి పైకి వెళ్ళే వీలు దొరికితే, ఫోన్లో ఆటోమేటిక్ టైమ్ తీసెయ్యండి. సరిహద్దు దగ్గర అవతలి టవరు అందుకుంటే గడియారం గంట ముందుకి దూకుతుంది. డ్రైవరుకి చెప్పిన టైముకీ మీ టైముకీ పొంతన ఉండదు.